వకీలమ్మను అడగండి: పేపర్లో ప్రకటన వేస్తే బంధం తెగుతుందా?

నవంబర్ 2025

ఈ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మగవాడిని పెళ్లి చేసుకున్న ట్రాన్స్ మహిళ (మగపిల్లాడిగా పుట్టినా తాను స్త్రీనని బతికే మనిషి) కూడా భర్త వేధిస్తే 498ఏ సెక్షన్ కింద, అంటే భర్త, అత్తింటివాళ్ల వేధింపుల సెక్షన్ కింద, ఫిర్యాదు చేయవచ్చని దాని సారాంశం. దాని గురించి రెండు నెలల కింద ఇదే పేజీలో నాలుగు లైన్లు రాశాను. నాలుగంటే నాలుగే. అద్దె ఒప్పందాల మీద రెండు పేజీలు రాస్తే మూడు ఉత్తరాలు వచ్చాయి, ఈ నాలుగు లైన్లకు మాత్రం మా గుమస్తా సంచి పట్టుకుని రావాల్సి వచ్చింది. తిట్టినవి ఉన్నాయి, మెచ్చుకున్నవి ఉన్నాయి, మొదటి పేజీలో తిట్టి రెండో పేజీలో సలహా అడిగినవి కూడా ఉన్నాయి. అందులోంచి అయిదు తీసుకున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న: వకీలమ్మ గారికి నమస్కారం. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇద్దరు పిల్లలు. పెద్దోడికి 26 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్ల నుంచి జుట్టు పెంచి, పేరు మార్చుకుని, నేను ఆడపిల్లను అంటున్నాడు. మొన్న సద్దుల బతుకమ్మకు చీర కట్టుకుని వస్తానని ఫోన్ చేస్తే వద్దన్నాను. రాలేదు. మాఘంలో చిన్నబిడ్డ పెళ్లి పెట్టుకున్నాం. మగపెళ్లివాళ్లకు ఈ సంగతి తెలియదు. వాడితో మాకు ఏ సంబంధం లేదని పేపర్లో ప్రకటన వేయమని మా బామ్మర్ది అంటున్నాడు. వేస్తే పనికొస్తుందా? మా నాయన నుంచి వచ్చిన రెండెకరాలు, నేను కట్టుకున్న ఇల్లు ఉన్నాయి. ఆడదాన్నయ్యాను అన్నవాడికి కొడుకు వాటా ఎట్లా ఇవ్వాలి?

జవాబు: అన్నా, ముందు ఆ ప్రకటన సంగతి. "మా కుమారుడు మా మాట వినడం లేదు, అతనితో మాకు ఎలాంటి సంబంధం లేదు, అతను చేసే లావాదేవీలకు మేము బాధ్యులం కాము" అని సాగే ఆ నాలుగు వాక్యాలు నేనూ చాలామందికి రాసిచ్చాను. ఫీజు కూడా తీసుకున్నాను. ఎక్కువగా పేకాటలో, బెట్టింగుల్లో పడి అప్పులు చేసే కొడుకుల మీద వేయించుకునేవాళ్లు. దానివల్ల జరిగేది ఒక్కటే, నన్ను చూసి వాడికి అప్పివ్వకండి అని నలుగురికీ తెలుస్తుంది. నిజానికి మేజరైన కొడుకు సొంతంగా చేసిన అప్పుకు తండ్రి ఎటూ బాధ్యుడు కాడు. అంతకు మించి ఆ ప్రకటనకు విలువ లేదు. రక్తసంబంధం పోదు, వాటా పోదు. పోయేది మీ డబ్బు. ఇంకోటి కూడా ఉంది. మగపెళ్లివాళ్లకు తెలియకూడదనుకుంటున్న సంగతిని మీరే అచ్చు వేయించి ఊరంతా పంచినట్టవుతుంది. మీ బామ్మర్ది ఇది ఆలోచించినట్టు లేదు.

ఇక వాటా. కొడుకు వాటా అని వేరే ఒకటి ఉంటే కదా, అది ఇవ్వాలా వద్దా అనుకోవడానికి! ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం తెచ్చి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చారు. 2005లో దేశమంతటికీ హిందూ వారసత్వ చట్టాన్ని మార్చి, పెళ్లయినా కాకపోయినా కూతురికీ కొడుక్కీ ఒకటే అన్నారు. కాబట్టి మీ పెద్దబిడ్డ మగపిల్లాడిగా వచ్చి అడిగినా ఆడపిల్లగా వచ్చి అడిగినా కొలత మారదు. ఆ రెండెకరాలు తాతల నాటి ఉమ్మడి ఆస్తిగా వచ్చి, పంపకంలో మీ చేతికి వచ్చినవైతే పిల్లలిద్దరికీ పుట్టుకతోనే హక్కుంది. మీ నాయన సొంతంగా సంపాదించి, ఆయన పోయాక మీకు వచ్చినవైతే అవి మీ సొంత ఆస్తి కిందికే వస్తాయి. కాగితాలు చూడకుండా ఇది ఏదో తేల్చి చెప్పలేను. ఇల్లు మీ కష్టార్జితం, ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. ఇందులో ఎక్కడా ట్రాన్స్‌జెండర్ అన్న మాటతో పని పడలేదు, గమనించారా?

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ట్రాన్స్‌జెండర్లను కుటుంబం ఉండే ఇంటికి దూరం పెట్టకూడదు. ఆ ఇంట్లో ఉండే హక్కు వాళ్లకుంది. ఇంట్లోంచో ఊళ్లోంచో బలవంతంగా వెళ్లగొడితే 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. బెదిరించడానికి చెప్పడం లేదు. బతుకమ్మ నాడు ఫోన్లో వద్దన్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టుకుపోరు. కానీ రేపు పెళ్లినాడు గేటు దగ్గర బామ్మర్దిని కాపలా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

పెళ్లి విషయం చట్టంలో లేదు. నా అభిప్రాయం అడిగితే, పెళ్లి పత్రికలు అచ్చుకు ఇచ్చే ముందే వియ్యంకుడితో ఒకసారి కూర్చోండి. మూడో మనిషి నోట వినడం కంటే మీ నోట వినడం మేలు. దీనికే తప్పుకునే సంబంధమైతే, మాఘంలో తప్పుకుంటే నయమా, చిన్నబిడ్డ ఆ ఇంట్లో అడుగుపెట్టాక రోజూ దెప్పితే నయమా, మీరే చూసుకోండి.

మీ ఉత్తరంలో నాకు ఒకచోట చదువు ఆగిపోయింది. "పేరు మార్చుకుని" అని రాశారు, ఆ పేరేమిటో రాయలేదు. మాకు చెప్పకూడదనా, మీకే తెలియదా? పత్రికలో పిలిచేవాళ్ల పేర్ల కింద అక్క పేరు వేయాల్సి వస్తుంది. మన దగ్గర బిడ్డ అంటే కూతురే. ఆంధ్రా వైపు వెళ్తే కొడుకును కూడా బిడ్డ అనేస్తారు. మీకు ఆ పేరు పలకడం కష్టంగా ఉంటే కొన్నాళ్లు అట్లా బిడ్డా అని పిలవండి. ఆమెకు మన అర్థం వినిపిస్తుంది, మీకు వాళ్ల అర్థం వినిపిస్తుంది.

ప్రశ్న: మేడం, మేము హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం రోజు ఆరుగురు హిజ్రాలు వచ్చి 21 వేలు ఇస్తే గానీ కదలం అన్నారు. మావారు అయిదు వేలు ఇస్తామంటే శాపనార్థాలు పెట్టి, చుట్టాల ముందు చీరలు ఎత్తబోయారు. చివరికి 15 వేలు ఇచ్చి పంపాం. మా అత్తగారికి బీపీ పెరిగిపోయింది. ఇలాంటివాళ్లకు హక్కులు, పెన్షన్లు అని మీరు రాస్తుంటే ఒళ్లు మండింది.

జవాబు: మండుతుంది మరి, చుట్టాల ముందు అట్లాంటిది జరిగితే. మీరు చేయాల్సింది అప్పుడే 112కు ఫోన్ చేయడం. బెదిరించి డబ్బు గుంజడం నేరం, గుంజింది ఎవరైనా సరే. ఇప్పటికీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. కాలనీ సీసీ కెమెరా రికార్డు ఉంటే చెరిగిపోకముందే కాపీ తీసుకోండి. ఫిర్యాదులో "హిజ్రాలు వచ్చారు" అని కాకుండా "ఫలానా తేదీన ఆరుగురు వచ్చి ఇంత డబ్బు బెదిరించి తీసుకున్నారు" అని రాయండి. వచ్చినవాళ్లు ఎవరన్నది నేరం కాదు, చేసింది నేరం.

ఈ తేడా మాటల గారడీ కాదు. నిజాం జమానాలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం చేశారు. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, వాళ్లను నపుంసకులుగా మారుస్తారనో అనుమానం ఉన్నవాళ్లందరి పేర్లూ ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలి. అట్లా పేరెక్కినవాళ్లు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని బజార్లో కనిపించినా, పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. ఎవరి ఇంటి ముందు ఏం చేశారన్నదాంతో పని లేదు, చీరే నేరం. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి రాష్ట్రం వచ్చి అదీ పోయింది, చట్టం మాత్రం పుస్తకంలో అట్లాగే కూర్చుంది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగిలి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్తే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వమిచ్చే ఆసరా పెన్షన్ ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వాలని అదే తీర్పులో ఆదేశించింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు నెలకు 4,000 పెన్షన్ వస్తోంది.

మీ గుమ్మంలోకి వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వస్తారో కూడా తెలుసుకోండి. పదిహేనేళ్లకో పదహారేళ్లకో ఇంట్లోంచి గెంటేస్తే, ఇంత అన్నం పెట్టి జాగా ఇచ్చేది గురువు. ఆ చేలా, అంటే శిష్యురాలు, బజార్లో, రైళ్లలో, ఇళ్ల ముందు అడిగి తెచ్చినదాంట్లో గురువుకు వాటా పోతుంది. మీరిచ్చిన 15 వేలలో ఆ ఆరుగురి చేతుల్లో మిగిలింది మీరనుకున్నంత ఉండదు. వేరే దారి దొరికినవాళ్లు ఆ దారిన పోతూనే ఉన్నారు. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. నిరుడు డిసెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు గోషామహల్ స్టేడియంలో పరుగు పందెం, లాంగ్ జంప్ పెట్టి మరీ ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఈసారి సిటీకి వెళ్తే సిగ్నల్ దగ్గర చూడండి.

అయినా ఫిర్యాదు మాత్రం ఇవ్వండి. జాలికీ ఫిర్యాదుకూ పోటీ లేదు.

ప్రశ్న: అమ్మా, నేను రాజమహేంద్రవరంలో లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీరు మెచ్చుకున్న తీర్పు సంగతి పేపర్లో చదివాను. "నేను స్త్రీని" అనగానే స్త్రీ అయిపోతే రేపు లేడీస్ హాస్టళ్లు, మరుగుదొడ్లు, క్రీడలు అన్నీ గందరగోళమే కదా? శరీరాన్ని బట్టి కాకుండా మనసును బట్టి ఆడా మగా నిర్ణయించడం ఎక్కడి నుంచో దిగుమతి చేసుకున్న గోల. మన సంస్కృతిలో ఎక్కడుంది?

జవాబు: మాస్టారూ, తీర్పు పూర్తిగా చదివితే మీకు కొంత తృప్తి కలిగేది. భర్త, అత్తమామల వాదన ఏమిటంటే, ఈమెకు పిల్లలు పుట్టరు కాబట్టి ఈమె స్త్రీ కాదు, కాబట్టి 498ఏ కింద కేసు పెట్టలేదని. స్త్రీ అంటే పిల్లల్ని కనేది మాత్రమే అనడం రాజ్యాంగానికి పొసగదని కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కానీ ఆమె ఫిర్యాదులో వేధింపులకు సరైన ఆధారాలు లేవని కేసును మాత్రం కొట్టేసింది. అంటే గెలిచిన సూత్రం ఆమెది, గెలిచిన కేసు భర్తది. వాట్సాప్‌లో తిరిగింది మొదటి సగమే. ఆ వాదన నాకైతే భయం పుట్టించింది. ఒప్పుకుని ఉంటే గర్భసంచి తీయించుకున్న నా చెల్లెలు కూడా ఆ సెక్షన్ బయటికి పోయేది.

సంస్కృతి అన్నారు. అర్ధనారీశ్వరుణ్ణీ బృహన్నలనూ తెచ్చి తప్పించుకోను, ఆ జవాబు మీరు వంద సార్లు విని ఉంటారు. మీది నాటకాల ఊరు కాబట్టి వేరేది అడుగుతాను. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఆంధ్రదేశం ఊగిపోయింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామను చూసి ఆడవాళ్లు నడక నేర్చుకోవాలనుకున్నారని పెద్దలు చెప్పేవారు. ఇద్దరికీ పద్మశ్రీలు ఇచ్చాం. తిరుపతి గంగమ్మ జాతరలో ఇవాళ్టికీ మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. మగ ఒంటి మీద చీర మనకు కొత్త కాదు. అయితే వాళ్లు ట్రాన్స్‌జెండర్లని నేననడం లేదు, అదీ తప్పే. నేననేది, తెల్లారితే వేషం తీసేస్తారన్న భరోసా ఉన్నంతసేపూ చప్పట్లు కొట్టాం. ఇది వేషం కాదు, తీసేది లేదు అన్నవాళ్లు వచ్చేసరికి దిగుమతి అంటున్నాం.

"అనగానే అయిపోతుందా" అన్నది అసలు ప్రశ్న. తెలుగు చెప్పినవారు కాబట్టి మీకు (మీ సబ్జెక్టు తెలుగేనని మీ చేతిరాత చూసి అనుకుంటున్నాను) వ్యాకరణంతోనే చెబుతాను. హిందీలో "నేను వచ్చాను" అనాలంటే ఆడో మగో ముందు తేల్చుకోవాలి, క్రియ మారిపోతుంది. మనకు ఆ బాధ లేదు. నేను వచ్చాను, నేను తిన్నాను, నేను పోతున్నాను. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మన గురించి మనం ఎంత మాట్లాడుకున్నా ఆడా మగా చెప్పనక్కర్లేదు. "వచ్చాడు", "వచ్చింది" అని తగిలించేది పక్కవాళ్లే. ఆ తగిలించే పని ఎవరిది అన్నదే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో తేల్చింది. ఎవరి లింగ గుర్తింపు వాళ్లే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదు అంది.

2019 చట్టం మాత్రం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకుంది. చట్టం చేసినప్పుడు నాలుగో సెక్షన్‌లో స్వయంగా గ్రహించిన గుర్తింపు హక్కు, అంటే ఎవరికి వారు తామెవరో చెప్పుకునే హక్కు, పెట్టారు. ఏడో సెక్షన్‌కు వచ్చేసరికి స్త్రీ అనో పురుషుడు అనో సర్టిఫికెట్ కావాలంటే వైద్యుల కాగితం తెమ్మంది. మీలాంటివాళ్లకు ఈ చట్టం వదులుగా కనిపిస్తుంది, ట్రాన్స్‌జెండర్లకు ఇరుకుగా కనిపిస్తుంది. ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడికి ఇందులో పెట్టిన శిక్ష ఎంతో తెలుసా? గరిష్ఠంగా రెండేళ్లు. అదే నా మీద అత్యాచారం జరిగితే కనీసం పదేళ్లు. ఈ చట్టంతో వాళ్లు ఏదో కొట్టేశారనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

మరుగుదొడ్డి భయం ఆడదానిగా నాకూ తెలుసు. ముప్పై ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాను. గడియ లేని తలుపును ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నల్లకోటు ఎత్తిపట్టుకున్న రోజులు లెక్కలేనన్ని. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ తలుపు, దాని కింద సందులోంచి చూసిన ఒక మగ అటెండరు. లోపలికి రావాలనుకున్న దుర్మార్గుడు ముందు కలెక్టర్ ఆఫీసుకు పోయి, అఫిడవిట్ ఇచ్చి, సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఆగి అప్పుడు రాడు. 2020 రూల్స్ ప్రకారం ప్రతి సంస్థలో రెండేళ్లలోపు వీళ్లకు వేరే మరుగుదొడ్లు ఉండాలి. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. మీ కాలేజీలో కట్టారేమో కనుక్కోండి.

క్రీడల దగ్గర మీతో సగం దూరం నడుస్తాను. అక్కడ విభజనే శరీరాన్ని బట్టి చేశారు కాబట్టి నియమాలు వేరుగా ఉండవచ్చు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2025 సెప్టెంబర్ నుంచి మహిళల విభాగంలో జన్యు పరీక్ష పెట్టింది కూడా. ఆ మిగతా సగం మాత్రం మీతో రాను. మన దేశంలో ఇట్లాంటి అనుమానం ఎవరి మీద పడిందో చూడండి. 2006 దోహా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన శాంతి సౌందరరాజన్, హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న ద్యుతీ చంద్. ఇద్దరూ ఆడపిల్లలుగా పుట్టి, ఆడపిల్లలుగానే పెరిగినవాళ్లు. శాంతి పతకం పోయింది, ద్యుతీ అంతర్జాతీయ క్రీడా కోర్టు దాకా వెళ్లి 2015లో మళ్లీ పరుగెత్తింది. ఆడతనానికి పరీక్ష పెడితే ముందు పట్టుబడేది ఆడవాళ్లే.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. ఇది 2009 సంగతి. ఓ మధ్యాహ్నం కాజీపేట వైపు నుంచి ఒకామె నా ఆఫీసుకు వచ్చింది. అప్పట్లో మేమంతా వాళ్లను ఏమని పిలిచేవాళ్లమో మీకు తెలుసు, ఆ మాట ఇక్కడ రాయను. ఎవరో కొట్టారు, కనుబొమ్మ చిట్లింది, కేసు పెట్టాలి. లోపలి గదిలో నా దగ్గర ఒక పెద్ద క్లయింటు కూర్చుని ఉన్నాడు. నేను లేనని చెప్పి పంపించెయ్యమని గుమస్తాకు సైగ చేశాను. పరదా ఇవతల నుంచి నాకు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. గొడవ చేయలేదు, చప్పట్లు కొట్టలేదు. "మేడం చెప్పులు బయటనే ఉన్నయి కదన్నా" అంది. అని కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె నాకు ఎక్కడా కనిపించలేదు. మీ ఉత్తరంలో "ఎవరి మాట నమ్మాలి" అని లేదు గానీ ఉన్నదంతా అదే. ఆ రోజు అబద్ధం చెప్పింది ఆమె కాదు మాస్టారూ.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. చున్నీ చుట్టుకుని అద్దం ముందు డాన్స్ చేస్తాడు, మగపిల్లలతో ఆడడు. ఒక డాక్టర్ ఇంజెక్షన్లతో, కౌన్సెలింగ్‌తో "మార్చేస్తా" అంటున్నాడు. తీసుకెళ్లాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తీసుకెళ్లొద్దమ్మా. ఇట్లా "మార్చే" వైద్యం చేయడం డాక్టర్ల వృత్తి నియమాల కింద తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. ఆ డాక్టర్ మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. చున్నీ చుట్టుకున్నంత మాత్రాన ఏదో అయిపోడు. నా మేనల్లుడు ఎనిమిదో తరగతి దాకా నా గాజులు వేసుకుని తిరిగేవాడు, ఇప్పుడు వాడికి రెండు లారీలు, ఇద్దరు పిల్లలు. మీ బాబు అట్లా కావచ్చు, కాకపోవచ్చు. పెద్దయ్యాక వాడే చెబుతాడు. చెప్పేలా ఉండాలంటే ఇప్పుడు ఆ చున్నీ లాక్కోకండి.

ప్రశ్న: అక్కా, నేను ట్రాన్స్‌మ్యాన్‌ని. వరంగల్ జిల్లా మాది, వయసు 23, డిగ్రీ అయిపోయింది. పదో తరగతి మెమోలో ఆడపిల్ల పేరే ఉంది. ఐడీ కార్డు కోసం ఒక ఆఫీసుకు వెళ్తే ఆపరేషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. రెండోసారి వెళ్తే అమ్మానాన్నలతో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. మూడోసారి పోవాలంటే భయమేస్తోంది. ఉద్యోగం ఇస్తారో లేదో కూడా తెలియదు. మీరు ట్రాన్స్ మహిళల గురించే రాస్తారు, మా గురించి రాయరు.

జవాబు: తమ్ముడూ, ఆఖరి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. పై నాలుగు జవాబులు చూసినా తెలుస్తుంది.

ఆ రెండూ వాళ్లు అడగకూడనివి. 2025 నవంబర్ నాటికి ఉన్న రూల్స్ ప్రకారం మొదటి సర్టిఫికెట్‌కు ఆపరేషన్‌తో గానీ వైద్య పరీక్షతో గానీ సంబంధం లేదు. దరఖాస్తు, "నేను ఫలానా" అని మీరే ఇచ్చే అఫిడవిట్, అంతే. అమ్మానాన్నలు కావాల్సింది పద్దెనిమిది నిండనివాళ్లకు. కేంద్రం పెట్టిన ట్రాన్స్‌జెండర్ల జాతీయ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు చేయవచ్చు. అది జిల్లా కలెక్టర్‌కు వెళ్తుంది, 30 రోజుల్లో సర్టిఫికెట్, ఐడీ కార్డు రావాలి. ఒక్క మెలిక ఉంది. ఆ జిల్లాలో ఏడాదిగా ఉంటున్నట్టు చూపించాలి. మీరు మధ్యలో హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఉంటే ఎక్కడి నుంచి దరఖాస్తు చేయాలో ముందు తేల్చుకోండి, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. తిరస్కరిస్తే కారణం రాసివ్వమనండి, దాని మీద అప్పీలు ఉంది. కారణం రాసివ్వమని అడగగానే సగం అభ్యంతరాలు అక్కడే ఆవిరైపోతాయి, ఇది నా సర్వీసులో చూసింది.

ఈ మొదటి కార్డులో "ట్రాన్స్‌జెండర్" అని ఉంటుంది. "పురుషుడు" అని కావాలంటే రెండోది, దానికి ఆసుపత్రి నుంచి కాగితం కావాలి. 2020 రూల్స్‌లో వైద్య చికిత్స అన్న మాటకు ఇచ్చిన అర్థంలో కౌన్సెలింగ్, హార్మోన్ల మందులు కూడా ఉన్నాయి. అంటే పెద్ద ఆపరేషనే అయి ఉండాలని కాదు. కౌంటర్‌లో వాళ్లకు ఇది తెలియకపోవచ్చు. రూల్స్ ప్రింట్ తీసుకుని, ఆ లైను కింద ఎల్లో మార్కర్‌తో గీత గీసి పట్టుకెళ్లండి. గొంతు పెంచకండి, కాగితం మాత్రం ముందుకు జరపండి. కార్డు చేతికి వచ్చాక మెమో, ఆధార్, పాన్ ఒక్కొక్కటిగా మార్పించుకోవచ్చు. దరఖాస్తు ఇచ్చిన 15 రోజుల్లో మార్చాలని రూల్. 15 అని రాసి ఉందని 16వ రోజు ఆశపడకండి, కానీ 16వ రోజు రిమైండర్ మాత్రం ఇవ్వండి. ముందు మెమో మీద పడండి, మిగతావన్నీ దాన్నే చూస్తాయి.

ఉద్యోగం గురించి. పోయిన నెల 17న సుప్రీంకోర్టు జేన్ కౌశిక్ అనే టీచర్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆమె ట్రాన్స్ మహిళ. ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి చేరిన కొద్ది రోజులకే ఆమెను తీసేసింది, గుజరాత్‌లో ఇంకో బడి ఆఫర్ లెటర్ ఇచ్చి కూడా చేర్చుకోలేదు. ఆమెకు పరిహారం ఇవ్వాలని చెప్పి, ఉద్యోగాల్లో వివక్ష లేకుండా విధానం తయారు చేయడానికి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీ వేసింది కోర్టు. ప్రైవేటు బడి అయినా కంపెనీ అయినా 2019 చట్టం వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో ముందే చెప్పాలా అని నన్ను కొందరు అడుగుతారు. సర్టిఫికెట్లలో రెండు పేర్లు ఉన్నంతకాలం దాచినా దాగదు. అందుకే ముందు మెమో అన్నాను.

అఫిడవిట్ నేను రాసిస్తాను, దానికి ఫీజు లేదు. మూడోసారి ఆ ఆఫీసుకు మా గుమస్తాను తోడు పంపుతాను, వాడికి అక్కడ ప్రతి టేబులూ తెలుసు. పత్రిక ఆఫీసుకు ఫోన్ చేస్తే నా అడ్రస్ ఇస్తారు. రెండో శనివారం కోర్టు ఉండదు, పొద్దున పదకొండు తర్వాత ఎప్పుడైనా రండి. కింద బోర్డు రంగు పోయింది, కనిపించదు. మెట్లెక్కి చూడండి, చెప్పులు బయట ఉంటే నేను లోపలే ఉన్నాను.